రెండో గేటు దగ్గర అంటించిన నా ఫొటో

షాపింగ్ మాల్ మేనేజరు గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: రెండో గేటు సెక్యూరిటీ బల్ల వెనక గోడకు అంటించిన ఫొటోను సోమవారం లోపల తీయించమని కోరుట గురించి.

నేను ఐదో తరగతి వరకే చదివాను. అర్జీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

1. సదరు ఫొటోలో ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోబోతున్న మనిషిని నేనే. కింద "ఈమెను లోపలికి రానివ్వరాదు" అని రాసి ఉన్నది. నేను చేసిన పనికి అది ఎక్కువేమీ కాదు.

2. పై అంతస్తు పుస్తకాల షాపులో గర్భిణులు చదవవలసిన పుస్తకం ఒకటి ఉన్నది. రోజూ మధ్యాహ్నం అరగంట చొప్పున పదకొండు రోజులు నిలబడి చదివాను. ఇంటికి తీసుకెళ్ళే వీలు లేదు. మాది ఒకటే గది. ఉప్పు పొట్లం తెచ్చినా మా అత్తయ్య విప్పి చూస్తారు.

3. పోయినసారి మూడో నెలలోనే చెప్పేశాను. అత్తయ్య సంతోషం పట్టలేక ఎదురింటికీ పక్కింటికీ చెప్పారు. నెల తిరగకుండానే అది పోయింది. మళ్ళీ అవే గుమ్మాలు ఎక్కి "లేదమ్మా, నిలవలేదు" అని చెప్పుకొచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. అందుకని ఈసారి మా ఆయనకు కూడా చెప్పలేదు. మొదట తెలుస్తున్నది తమకే.

4. ఆ పుస్తకం అట్ట మీద బొమ్మ పెద్దది. సిగ్గేసి, పక్క వరసలోని వంటల పుస్తకం పైతొడుగు ఊడదీసి దీనికి వేసుకుని చదివేదాన్ని. వెళ్ళేటప్పుడు దేనిది దానికి వేసేదాన్ని. గత బుధవారం కడుపులో తిప్పి, మార్చకుండానే బయటికి పరుగెత్తాను.

5. దాన్ని వంటల పుస్తకమే అనుకుని ఒక పెద్దాయన కొనుక్కెళ్ళారు. మర్నాడు నేను అక్కడ ఉండగానే తిరిగొచ్చారు. "కూర ఎలా వండాలో చూద్దామని తెరిస్తే, బిడ్డ అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో ఉందయ్యా! నాకు డెబ్బై రెండేళ్ళు!" అని అరిచారు. షాపంతా నవ్వింది. కెమెరాలో చూసి నన్ను పట్టుకుని ఫొటో తీశారు. "ఏమ్మా, ఇదేం బుద్ధి? ఇంకా ఎన్నిటికి మార్చావ్?" అన్నాడు సెక్యూరిటీ ఆయన. ఒకదానికే అని కూడా చెప్పలేకపోయాను. చెబితే ఎందుకని అడుగుతారు.

6. మా ఆయన సోమవారం నుంచి తమ మాల్‌లోనే సెక్యూరిటీ పనిలో చేరుతున్నారు. డ్యూటీ రెండో గేటులోనే. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాక దొరికిన పని. మొదటి రోజే నా వల్ల నలుగురిలో తల దించుకోవడం ఆయనకు రాకూడదు.

కావున ఫొటో తీయించగలరు. నేను మళ్ళీ ఆ మెట్లు ఎక్కను. ఈ నా మనవిని చిత్తగించవలెను, మరొకరికి చూపకుండా చింపివేయవలెను.

తమ విధేయురాలు,
ఆ ఫొటోలోని మనిషి

తా.క.: అర్జీ మడత పెడుతుండగా మా ఆయన యూనిఫాం కొలతలిచ్చి వచ్చారు. టోపీ ఒక్కటి ముందే ఇచ్చారట.

"ఏమోయ్, నాకు మొదటి ఆర్డరు వచ్చేసింది. గోడ మీద ఫొటో చూపించారు. వంటల పుస్తకం తొడుగు ఊడదీసిందట, ఫలానా ఆవిణ్ణి లోపలికి రానివ్వకూడదట. ముఖం బాగా గుర్తుపెట్టుకో అన్నారు. గుర్తుంటుంది సార్ అన్నాను."

నేను అర్జీని కొంగు కింద దాచుకున్నాను.

"వంటలు నేర్చుకోవాలనుంటే అమ్మనడగొచ్చుగా?"

"లోపల ఉన్నవి వంటలు కావండీ" అని, ఉన్నదేమిటో చెప్పాను.

ఆయన టోపీ పక్కన పెట్టి, అత్తయ్య దగ్గర్లో ఉన్నారేమో చూశారు. తర్వాత గొంతు తగ్గించి "ఎన్నో నెల?" అన్నారు.

అయ్యా, ఫొటో తీయకపోయినా ఫరవాలేదు. నాకు ఆ పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం మిగిలిపోయింది. నొప్పులు మొదలైనట్టు ఎలా తెలుస్తుందో అందులో ఉన్నది. మా ఆయన సోమవారం భోజనం వేళ పైకెళ్ళి, నిలబడి చదివి వచ్చి చెబుతానంటున్నారు. డ్యూటీలో అది తప్పయితే ముందే సెలవియ్యగలరు. తొడుగు మాత్రం మార్చవద్దని గట్టిగా చెప్పాను.