అక్షరాల్లేని కీబోర్డు

ఏలూరు

నాన్నగారికి గౌతమి నమస్కారాలు.

ఫోన్లో చెబితే నా ఏడుపు అమ్మకి వినిపిస్తుందని రాస్తున్నాను. మీరొక్కరే చదవండి.

మా ఆడిటర్ గారి ఆఫీసుకి ఇప్పుడు కీబోర్డుల పిచ్చి పట్టుకుంది. ఆకివీడు చేపల చెరువుల లెక్కలు చూసే కిరణ్ కుమార్‌కి మణికట్టు నొప్పి. డాక్టరు చెబితే, మధ్యకి విడిపోయి రెండు ముక్కలుగా ఉండే కీబోర్డు తెప్పించుకున్నాడు. ఒక్కో చేతికి ఒక్కో ముక్క. మీటల మీద అక్షరాలు కూడా ఉండవు. "చూడకుండా కొట్టేవాళ్లకేనండీ ఇది!" అని పొద్దస్తమానం దాని గొప్పే. అందరూ చుట్టూ మూగారు. "టైపు మాస్టారి అమ్మాయిగారు కొట్టి చూపించాలండీ" అంటూ నన్ను కూర్చోబెట్టారు.

నాన్నగారూ, నాకు చూడకుండా కొట్టడం రాదు. ఎప్పుడూ రాలేదు. తల దించుకుని రెండు వేళ్లతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. నా వేగం చూసి ఎవరూ వేళ్లు చూడలేదు. ఆ రోజు తెర మీద ఒక్క మాటా సరిగ్గా పడలేదు. సిగ్గుతో చచ్చిపోయి, "చెయ్యి నొప్పిగా ఉందండీ" అనేశాను.

అక్కడితో ఆగినా బాగుండును. మర్నాడే కిరణ్ దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టేశాడు. "మీకూ నొప్పేనా? చెప్పరేవండీ! ముందు మీరు వాడండి, నేను ఇంకోటి తెప్పించుకుంటాను" అన్నాడు. ఇప్పుడతను చేతికి పట్టీ కట్టుకుని తన పాత కీబోర్డు మీద కొడుతున్నాడు. నేను గుండ్రాయిలాంటి చేతులు పెట్టుకుని అతని కీబోర్డు ముందు కూర్చుంటున్నాను. అతను టీకి వెళ్లినప్పుడు నా పాతది సొరుగులోంచి తీసి దొంగలా పని చేసుకుంటున్నాను. అన్నం సయించడం లేదు. నిజం చెబితే మీ పేరు పోతుంది. ఏం చెయ్యమంటారు?

మీ గౌతమి

తాడేపల్లిగూడెం

అమ్మడూ,

నేనొక్కడినే చదివాను. రేపు ఆఫీసుకి వెళ్లగానే ఆ కీబోర్డు అతనికిచ్చేసి, నీకు నొప్పి లేదని చెప్పు. అందరి ముందూ చెప్పు. అతని నొప్పి కంటే నా పేరు గొప్పదేమీ కాదు.

నీకు రాదని నాకు తెలుసమ్మా. చిన్నప్పుడు మన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో, మీటలు కనపడకుండా అందరికీ కప్పినట్టే నీ చేతుల మీదా తువ్వాలు కప్పాను. నువ్వు ఏడిస్తే తీసేశాను. ఇంకే పిల్లకీ అలా తియ్యలేదు. పైగా "మా అమ్మాయి కళ్లు మూసుకుని కొడుతుంది" అని ఊరంతా చెప్పుకున్నాను. ఆ అబద్ధం నాది, మోసింది నువ్వు. నీకంటే నాకే ఎక్కువ సిగ్గుగా ఉంది.

చెప్పేశాక, ఆదివారం పొద్దున్న బండికి రా. తువ్వాలు ఉతికి ఉంచాను. ఈసారి ఏడ్చినా తియ్యను.

నాన్న
భీమశంకరం