ఉప్పు చూసే నోరు

ఫిబ్రవరి 2, 2004
పాలకాయతిప్ప నుంచి నాగమల్లేశ్వరి వచ్చింది. ఎండుచేపలు అమ్ముతుంది. చేప కొస కొరికి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పటంలో అక్కడ ఆమె మాటే మాటట. ఇప్పుడు నోరు మండి ముక్క ముట్టలేకపోతోంది. బుగ్గల లోపల తెల్లటి మచ్చలు. చూడగానే తేల్చేశాను: చుట్ట. సముద్రం ఒడ్డు ఆడవాళ్ళంటే చుట్టేనని నా లెక్క. క్లినిక్ నిండా జనం ఉండగా ఉపన్యాసం దంచాను. పాపం, నోరు తెరుచుకునే కూర్చుంది. ఫంగస్ కూడా ఉండొచ్చని నోట్లో పూసుకునే మౌత్ పెయింట్ రాశాను.

ఫిబ్రవరి 9
పొగాకు మీద నా కరపత్రం మూడో ముద్రణ. పదునుగా ఉంది.

ఫిబ్రవరి 16
తగ్గలేదు. ఇవాళ గాజుగుడ్డతో తుడిచి చూశాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని. ఫంగస్ అయితే ఊడిరావాలి, రాలేదు. లైటు దగ్గరగా పెడితే, వల అల్లినట్టు సన్నటి తెల్ల గీతలు. పెదవి లోపల పుండ్లు. చుట్ట మానావా అన్నాను. జన్మలో ముట్టలేదండీ అంది. ఇంకేం జబ్బులున్నాయని అప్పుడడిగాను. రెండేళ్ళ కిందట బ్లడ్ క్యాన్సరట! వేలూరులో తమ్ముడు బంగార్రాజు ఎముక మజ్జ ఎక్కించారట. ముందే చెప్పవేం అని అరిచాను. మీరడిగితేగా అండీ, వచ్చిన కాణ్నించీ మీరే మాట్లాడుతున్నారు అంది. బయట బెంచీ మీద ఎవరో నవ్వారు. నవ్వరూ మరి!

ఫిబ్రవరి 17
వేలూరుకి ఫోన్. పెదవి లోపల ముక్క తీసి బయాప్సీకి పంపాను.

ఫిబ్రవరి 26
రిపోర్టు వచ్చింది. గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్. తమ్ముడి కణాలు అక్క నోటిని పరాయిదనుకుని దాడి చేస్తున్నాయి. స్టెరాయిడ్ మందుతో పుక్కిలించాలి. వెంటనే వేలూరు వెళ్ళి కళ్ళూ లివరూ చూపించుకోవాలి. రెండు వారాలు నేను తినేశాను. పేదల పక్షమట నేను! క్షమించమన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోలేదు. బంగార్రాజుకి మాత్రం చెప్పొద్దండీ, తన మూలంగానని తెలిస్తే అన్నం మానేస్తాడు వెధవ, అంది. నిజం దాచటం నా సిద్ధాంతానికి విరుద్ధం అన్నాను. జబ్బు నాది, సిద్ధాంతం మీదీనా అంది.
ఇరవయ్యేళ్ళుగా వేదికలెక్కి వాదిస్తున్నాను. ఇవాళ సరే, చెప్పనులే అన్నాను.

మార్చి 29
బంగార్రాజు వచ్చాడు. వేలూరులో అంతా చూశారట, లివర్ బాగుందట, అక్క నోరు కుదుటపడిందట. ఎండు వంజరం పొట్లం బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. నా మజ్జ మంచిదేనాండీ అని అడిగాడు.
చాలా గట్టిదయ్యా అన్నాను. అబద్ధం కాదు. అక్కడితో ఆపాను. నేను!

మార్చి 30
పొట్లం విప్పాను. ఒక ముక్కకి కొస లేదు.