మంచమోళ్ళ సంఘం

1961 ఆగస్టు 6, ఆదివారం

చేపలమ్మే ముసలమ్మ పన్నెండు రోజుల తర్వాత ఈ రోజు వచ్చింది. ఇన్నాళ్ళూ ఏమైపోయావని అమ్మ కేకలేయబోయి, దాని మొహం చూసి ఆగింది. కోడలు పిచ్చమ్మ చనిపోయిందట. తొలి కాన్పు. పొద్దన్నే నొప్పులొచ్చినాయి తల్లీ, మొగోళ్ళంతా సముద్రం మీద ఉండారు, ఆడోళ్ళమే మోసుకోని ఉప్పుకాలవ దాకా వచ్చినాం, ఆడ పోటెక్కి ఉండాది, నీళ్ళు తగ్గేదాకా గట్టునే కూచున్నాం, ఇంకేముండాది అంది. అప్పుడు గంప దించి, కానాగంత చేపలు లెక్కపెట్టకుండా అమ్మ చాటలో పోసి వెళ్ళిపోయింది.

ముసలమ్మ వాళ్ళుండే పాలెం మా పొలాలకు కంటికి కనపడేంత దూరం. మధ్యలో ఆ ఒక్క కాలువ. ఆ రోజు నేనూ, నా స్నేహితుడు హజరత్తయ్యా కాలువకు ఇవతల మా చేలోనే ఉన్నాం. ఒక్క కబురు అందితే నడుంలోతు నీళ్ళలో దిగి మోసేవాళ్ళం. ఇందుకూరుపేటలో బస్సు పట్టుకుంటే నెల్లూరు పెద్దాసుపత్రి. మాకు తెలియనే తెలియదు. అలా రాసుకోవడానికి సిగ్గేస్తోంది.

పి.యు.సి. తప్పి ఏడాది అయింది. జయరామయ్య ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే నాన్న మాట మార్చేస్తారు. ఇక నుంచి మార్చనక్కర్లేదు. నాకు పని దొరికింది.

ఆగస్టు 9, బుధవారం

సంఘం పుట్టింది. పగలు పాలెంలో మగవాళ్ళు ఉండరు కాబట్టి, అక్కడ ఎవరికి ఆపద వచ్చినా మోసుకెళ్ళి బస్సెక్కించే పని మాది. మెంబర్లు నలుగురం. నేను సెక్రటరీ. హజరత్తయ్య బస్తా వడ్లు ఒంటిచేత్తో భుజానికెత్తుకుంటాడు గనక ప్రెసిడెంటు. వడ్రంగం పనిచేసే సమాధానం మూడోవాడు. వాడి అక్క కరుణాకుమారి, ఇందుకూరుపేటలో మిడ్‌వైఫ్. మేమంతా కరుణక్క అంటాం.

రూల్సు రెండు రాశాను. పిలిస్తే వెళ్ళాలి. ఏ కులమని అడగకూడదు. కరుణక్క మూడోది చెప్పింది. ముందు పాలెం పోయి వాళ్ళతో మాట్లాడండి అంది. బోర్డు తయారయ్యాక వెళ్తే గౌరవంగా ఉంటుందన్నాను.

ఆగస్టు 14, సోమవారం

నెల్లూరు వెళ్ళి రబ్బరు స్టాంపుకు ఆర్డరిచ్చాను. పేరు: నవజ్యోతి యువజన సేవా సంఘం. మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే తట్టిన పేరు. నువ్వు ఆ పేరు పలికేలోపల పేషెంటుకు నయమన్నా అవతాది, ప్రాణమన్నా పోతాది అన్నాడు సమాధానం. వాడికి అన్నీ వెటకారమే.

ఎంబ్లంలో దీపం, చెయ్యి, అల, వరికంకి ఉండాలన్నాను. రూపాయి కాసంత గుండ్రంలో ఇవన్నీ ఇరికిస్తే నల్లిని నలిపినట్టుంటాది సార్ అన్నాడు షాపాయన. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. చివరికి చెయ్యి ఒక్కటే మిగిలింది. తెరిచిన అరచెయ్యి. చాలా బాగుంది.

ఆగస్టు 20, ఆదివారం

సమాధానం స్ట్రెచర్ చేసి తెచ్చాడు. రెండు పొడుగు వెదుర్లు, అడ్డంగా ఏడు ముక్కలు, పైన కొబ్బరితాడు. నలుగురం వాకిట్లో నిలబడి మురిసిపోతున్నాం. అమ్మ బయటికి వచ్చి చూసి గుమ్మం పట్టుకుంది. నేను బతికుండగానే నా వాకిట్లోకి పాడె తెచ్చినారా అంది.

నిజమే. అచ్చం పాడె. నలుగురిలో ఒక్కరికీ తోచలేదు. కరుణక్క నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడింది. నొప్పుల మనిషిని దీని మీద పండుకోమంటే లేచి పారిపోతాది అంది.

గంట సేపు అలిగి, చివరికి అమ్మే తన నులక మంచం ఇచ్చింది. సమాధానం పట్టెలకు రెండు పక్కలా సరుగుడు కర్రలు బిగించాడు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. నాలుగో మనిషి ఎవరంటే, నాకు భుజం లేదా అంది కరుణక్క.

ఆగస్టు 27, ఆదివారం

కాలువగట్టున పాక వేశాం. మంచం అందులోనే. బోర్డు వచ్చింది. నీలం మీద తెల్ల అక్షరాలు. లెటర్‌హెడ్లు వంద.

జెండా కూడా కుట్టించాను. తెల్ల ఖద్దరు, మధ్యలో నీలం చెయ్యి. సరుగుడు కొయ్య ముప్పై అడుగులది కావాలని నేనే పట్టుబట్టాను. సముద్రం మీద నుంచి కూడా కనపడాలి. పాలెంలో ఒక మాట చెప్పి కడదాం అన్నాడు సమాధానం. ఓపెనింగు రోజున వాళ్ళే చూస్తారు, ఎంబ్లంల గురించి వాళ్ళకేం తెలుస్తుంది అన్నాను. ఈ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.

సెప్టెంబరు 3, ఆదివారం. ఉదయం 6 గంటలు

ఈ రోజే. బి.డి.ఓ. గారు తొమ్మిదిన్నరకు జీపులో వస్తారు. నిద్ర లేదు. చొక్కా ఇస్త్రీ అయింది.

అదే రోజు, సాయంత్రం

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి.

బి.డి.ఓ. గారు తాడు లాగారు. జెండా పైకి వెళ్ళింది. మంచి గాలి, చక్కగా విచ్చుకుంది. చప్పట్లు కొట్టాం. ఆయన యువశక్తి గురించి మాట్లాడుతున్నారు. అప్పుడు పాలెం వైపు నుంచి ఏడుపులు వినపడ్డాయి. ఒకరు కాదు, అందరూ. ముసలమ్మ చీర పైకి దోపుకొని కాలువలో పడుతూ లేస్తూ వచ్చి, దించండి సామీ, దించండి, మీకు పుణ్యముంటాది అని కొయ్యను రెండు చేతులతో పట్టుకుంది.

పాలెంలో ఎవరైనా చనిపోతే ఒడ్డున కొయ్యకు తెల్లగుడ్డ కడతారట. సముద్రం మీద ఉన్నవాళ్ళు అది చూసి వలలు వదిలేసి వచ్చేస్తారు. మట్టి అయ్యేదాకా ఎవరూ తెప్ప దించరు. అంత దూరానికి నా నీలం చెయ్యి కనపడదు. తెలుపే కనపడుతుంది.

మేము దించేసరికే తెప్పలన్నీ తిరిగాయి. ముప్పైరెండు. మేము కాలువ దాటి అక్కడికి పరుగెత్తాం. తెప్పలు ఇంకా ఒడ్డు తగలకముందే మగవాళ్ళు నీళ్ళలోకి దూకి పరుగెత్తుకొస్తున్నారు. ఎవరింట్లో, ఎవరింట్లో అని అరుస్తున్నారు. అందరికంటే ముందు కామాక్షయ్య, ముసలమ్మ కొడుకు. జూలైలో వాడు ఇలాగే తెల్లగుడ్డ చూసి వచ్చాడు. అప్పుడది వాడి భార్యకోసం కట్టిన గుడ్డ. ఇప్పుడు వాడు గుడిసెలోకి దూరి, అమ్మ కనపడక, బయటికి వచ్చి ఇసకలో మోకాళ్ళ మీద పడ్డాడు. ముసలమ్మ మా వెనకాలే వస్తోంది. ఆమెను చూసి వాడు ఏడవలేదు, నవ్వలేదు. నా వైపు చూశాడు.

కొట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబరు 4, సోమవారం

అన్నం తినలేదు.

సెప్టెంబరు 7, గురువారం

నలుగురం పాలెం వెళ్ళాం. పాలెం పెద్ద గంగులయ్య తెప్ప పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. లెటర్‌హెడ్ మీద రాసుకొచ్చిన క్షమాపణ చదవబోయాను. కాయితం జోబీలో పెట్టుకో అబ్బయా, నాకు చదువు రాదు అన్నాడు. నోటితో చెప్పాను. తప్పు నాదొక్కడిదే, వీళ్ళు ముందే అడగమన్నారు, నేను వినలేదని చెప్పాను.

ఆయన వలలో ఒక ముడి బిగించాడు. తర్వాత, ఆ జెండా మీదేమో గానీ ఆ గుడ్డ మాది అన్నాడు. ఆ దినం మావోళ్ళు వొదిలేసిన పనికి బదులుగా మీరు పనిచెయ్యాల, పున్నమి దాకా వొచ్చి పెద్దవల లాగండి అన్నాడు. మంచం సంగతి ఎత్తితే, ఈ పాలెంలో ఎవురూ మీ మంచం ఎక్కరు, పోండి అన్నాడు.

గుడిసె గుమ్మంలో ఆయన కూతురు చెంచమ్మ నిలబడి వింటోంది. పురుటికి పుట్టింటికి వచ్చింది. తిరిగి వస్తుంటే, ఏడో నెల, కాళ్ళు వాచి ఉండాయి అంది కరుణక్క.

సెప్టెంబరు 13, బుధవారం

వారం నుంచి వల లాగుతున్నాం. ఒడ్డున రెండు తాళ్ళు, తాడుకు ఇరవై మంది. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. పెన్ను సరిగ్గా పట్టుకోలేకపోతున్నాను. స్టాంపు మీది చెయ్యి ఎంత నున్నగా ఉందో ఈ రోజు గమనించాను.

సెప్టెంబరు 20, బుధవారం

ఈ రోజు వల బరువెక్కి కదల్లేదు. గంగులయ్య ఒక కేక వేస్తే ఒక ఆడమనిషి చేపలగంప తాడుకు కట్టి, బోర్లించి, కొయ్య మీదికి లాగింది. కాసేపటికి పక్క పాలెం నుంచి జనం పరుగెత్తుకొచ్చి మా తాడు పట్టుకున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఏందది అని ముసలమ్మను అడిగాను. గంపెక్కితే చేతులు కావాలని, చూసినోళ్ళు రావాల్సిందే, లాగినోళ్ళకి వాటా ఉంటాది అంది.

షాపాయనతో అంతసేపు వాదించి నేను నెల్లూరులో గీయించిన అరచెయ్యి అర్థం కూడా అదే. అది ఇక్కడ ఎప్పటి నుంచో కొయ్య మీద ఉంది.

సెప్టెంబరు 21, గురువారం

గంగులయ్యను అడిగేశాను. జెండా వద్దు, బోర్డు వద్దు, ఆపదలో మాకు గంప ఎత్తండి చాలు అన్నాను. వలకు ఒక గంప, మీకు కూడా గంపంటే జనం యాడికి పోవాల అన్నాడు. పక్కన తాడు చుడుతున్న కామాక్షయ్య, తలెత్తకుండా, రెండు ఎత్తితే సరి అన్నాడు.

మూడు వారాల్లో వాడు మా ముందు మాట్లాడిన మొదటి మాట. గంగులయ్య సరే అనలేదు, కాదనలేదు. మాకు వాటా చేపలు ఇప్పించాడు.

అక్టోబరు 2, సోమవారం

బోర్డు వెనక్కి తిప్పి పాకకు తడికెలాగా కట్టేశాను. లెటర్‌హెడ్లు కరుణక్క తీసుకుంది. వాటి వెనకవైపు పాలెంలో ఎవరికి ఎన్నో నెలో రాసుకుంటోంది. జెండా చింపి కట్లకు గుడ్డలు చేశాం.

పాలెంలో మమ్మల్ని మంచమోళ్ళు అంటున్నారని ముసలమ్మ చెప్పింది. నవజ్యోతి అని మూడుసార్లు పలికించాను. ఆ పేరు నా నోట్లో తిరగదు సామీ అంది. ఒళ్ళు మండింది.

అక్టోబరు 11, బుధవారం

గంపలు లేవు. వంతు ప్రకారం ఒకరం పాక దగ్గరే ఉంటున్నాం.

అక్టోబరు 19, గురువారం

ఒక్క గంప. వల లాగడానికి వెళ్ళాం.

అక్టోబరు 29, ఆదివారం

నిన్న కాలు విరిగిన ముసలాయన్ని ఆడవాళ్ళే వీపు మీద వేసుకొని కాలువ దాటించారు. మా పాక పక్కనుంచే వెళ్ళారట. నా వంతు కాదు, హజరత్తయ్యది. వాడు పరుగెత్తి సాయం పట్టబోతే వద్దన్నారు. సాయంత్రం వాడు నా దగ్గరకొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మనకు ఇంకెవురు గంప ఎత్తతారు, మానేద్దాం జయరామా అన్నాడు.

మానేది లేదు అన్నాను. పిలిస్తే వెళ్ళాలని రూలు రాసింది నేను. పిలవకపోయినా ఉండాలని రాయలేదు. ఇప్పుడు రాశాను. ఉండాలి.

నవంబరు 4, శనివారం

రెండు రోజులుగా వాన. కాలువ ఎర్రగా పారుతోంది. చెంచమ్మకు నెలలు నిండాయని కరుణక్క చూసి వచ్చింది. కాళ్ళ వాపు మొహానికి ఎక్కింది, దీన్ని పెద్దాసుపత్రిలోనే కాన్పు చేయించాల అని గంగులయ్యతో గట్టిగా చెప్పిందట. చూద్దాంలే అన్నాడట ఆయన. తలుపు దగ్గర చెంచమ్మ, కరుణక్క చెయ్యి పట్టుకొని, మీ మంచానికి దుప్పటి ఉండాదా అని మెల్లగా అడిగిందట.

అమ్మ కొత్త దుప్పటి తీసి ఇచ్చింది. నలుగురం పాకలోనే ఉంటున్నాం.

నవంబరు 6, సోమవారం. ఉదయం 10 గంటల 20 నిమిషాలు

రెండు గంపలు. తాడు లాగుతున్నది గంగులయ్య.

మంచమోళ్ళం వెళ్తున్నాం.