రుక్మిణి నొప్పి, జమీలా జవాబు

మదనపల్లె, 1979, బుధవారం రాత్రి

సాయంత్రం జమీలా నేను దిద్దిన తన పేపరు పట్టుకొని స్టాఫ్‌రూముకు వచ్చింది. పుంగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి నా దగ్గర తత్వశాస్త్రం చదువుకునే పిల్ల. ఇతరుల బాధ మనకు తెలుస్తుందా అన్న ప్రశ్నకు క్లాసులో అందరికంటే బాగా రాసింది ఆమే.

"ఈ మార్కులు తీసేయండి సార్. మీరు చెప్పినట్టే రాసినాను గానీ నాకేమీ అర్థం కాలేదు," అంది.

ఎందుకలా అంటున్నావని అడిగాను.

"మా నాయన పోయినప్పటి నుంచి మాయమ్మ మాట్లాడేదే లేదు సార్. ఆమె పక్కన కూసుంటే ఈ జవాబులో ఒక్క ముక్క కూడా పనికి రాలేదు."

పదకొండేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. "నాకూ అర్థం కాలేదమ్మా," అన్నాను. ఆ మాట ఇదివరకు ఎవరితోనూ అనలేదు.

ఆమె నవ్వలేదు. "అయితే మొదట్నుంచి సదువుదామా సార్?" అని కుర్చీ లాక్కుంది. ఆమె ఆరు గంటల బస్సుకు వెళ్ళేదాకా ఆ పాఠం మొదటి పేజీలోనే ఉండిపోయాం.

ఇంటికొచ్చి తాళం తీస్తుంటే నా భార్య రుక్మిణి గుర్తొచ్చింది. కుప్పంలో మంచం పట్టినప్పుడు ఒకరోజు, "నా నొప్పి మీకు అర్థం కాదులేండి," అంది. అర్థమైందని గంటసేపు వాదించి నెగ్గాను. ఆ తర్వాత పోయేదాకా తన నొప్పి గురించి నాకు ఒక్క మాటా చెప్పలేదు.

నాకేం అర్థం కాలేదో అప్పుడే ఆమెను అడగాల్సింది. ఈరోజైతే అడిగేవాణ్ణి.