తలస్నానం

ఆదివారం రాత్రి

మా అమ్మాయి స్వాతి చూపిస్తానంటే క్యుబెక్‌లో ఒక పాత చర్చికి వెళ్లి, ఇందాకే కిచెనర్‌లో మా ఇంటికి చేరాం. చర్చి కింద నేలమాళిగలో గోడంతా మనుషుల ఎముకలే, మెలికల ముగ్గులా పేర్చారు. ఒక పుర్రె మరీ చిన్నది. ఆ తల్లి ఎలా ఇచ్చిందో.

“ఇంటికెళ్లగానే తలస్నానం చెయ్యి, మైల,” అన్నారు ఈయన.

“నాన్నా, ఇట్స్ జస్ట్ హిస్టరీ!” అంది స్వాతి.

రాగానే తలారా పోసుకున్నాను. తడిజుట్టుతోనే చందు గదిలోకి వెళ్లి, వాడి అస్థికల డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. ఈయన గుమ్మంలో నిలబడ్డారు.

“ఎన్నాళ్లే ఇలా? లేక్‌లో కలిపేద్దాం. లేకపోతే వాడు దారిలోనే ఉండిపోతాడు.”

నిజమేనా? నా బిడ్డను నేనే ఆపేస్తున్నానా? డబ్బా వదల్లేదు.

ఆయన వచ్చి పక్కన కూర్చుని, డబ్బా మీద చెయ్యి వేశారు. మళ్లీ తలస్నానం మాట ఎత్తలేదు.