ఏబేలు టోపీ

యర్రగొండపాలెం దగ్గర, మన ఇల్లు,
మే 4, 2025, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు ఉమకు,

అన్న హనుమంతు దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నాయన, మీ వదిన మల్లీశ్వరి, పిల్లలు పద్మజ, గోపి, వీళ్ళతో పాటు మన గొర్రెల మంద, అందరం కులాసా. మీ కులాసా సంగతి అమ్మ రోజూ ఫోనులో కనుక్కుంటూనే ఉంది కాబట్టి నేను విడిగా అడగడం లేదు.

నీ పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో ఒక్క అక్షరం రాయనివాడు ఇప్పుడెందుకు రాస్తున్నాడని నీకు అనుమానం రావచ్చు. నీతో ఇక మాట్లాడనని ఆ రోజు మార్కాపురం రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద అన్నాను. ఉత్తరం రాయనని అనలేదు. అన్న మాట మీద నిలబడే మనిషిని కనుక ఫోను చేయకుండా కాగితం తీసుకున్నాను.

సంగతి ఆ నీళ్ళ పార్కు గురించి. మీ ఆయన పనిచేసే పార్కులో ఈ నెల పద్దెనిమిదిన ఉద్యోగుల కుటుంబాలకు టికెట్ లేదని, మమ్మల్నందరినీ హైదరాబాదు రమ్మని అమ్మతో చెప్పావు. ఆ రోజు నుంచి అమ్మ కాళ్ళు నేల మీద లేవు. నాకు మాత్రం అప్పుడే అనుమానం మొదలైంది. ఊరికే వచ్చే వాటితో నా తంటా నీకు తెలుసు. సంతలో వ్యాపారి టీ ఇప్పిస్తే, ఆ రోజుకు పొట్టేలును అమ్మకుండా వెనక్కి తోలుకొచ్చే రకం నేను. పైగా అక్కడ పెద్ద చక్రానికీ జారుడు బల్లలకూ బోల్టులు బిగించేది మీ ఆయనేనట. నన్ను ఎక్కించి, చక్రం పైన ఆపేసి, ఇప్పుడైనా మాట్లాడతావా లేదా అని కింది నుంచి అడిగే ఆలోచన ఉంటే ముందే చెప్పు.

నువ్వు మీ వదిన ఫోనుకు పంపిన జాగ్రత్తలన్నీ పద్మజ పైకి చదివింది. నేను గడప దగ్గర కూర్చుని విననట్టే అన్నీ విన్నాను. ఒక్కొక్కటిగా చూస్తే మామూలుగానే ఉన్నాయి. అన్నీ కలిపి చూస్తేనే నాకు మింగుడు పడలేదు.

నీళ్ళలోకి నూలు బట్టలు రానివ్వరు, నైలానువే వేసుకోవాలి, అక్కడ అద్దెకు తీసుకుంటే దండగ, అందుకని అందరికీ నువ్వే కొని బస్సు పార్సెల్లో పంపుతున్నావు. సరే. అమ్మకు కూడా ప్యాంటు పంపుతానన్నావట. నేను గట్టున కూసోని కాళ్ళు తడుపుకుంటాలే, నా చీర జోలికి మాత్రం రావొద్దని చెప్పురా అని అమ్మ అంటోంది. అందరి కొలతలూ నీకు ఎవరు చెప్పారని అడిగితే ఈ ఇంట్లో ఒక్కరూ నోరు విప్పడం లేదు. నా నడుము చుట్టుకొలత ఇక్కడి నుంచి హైదరాబాదు దాకా ఎలా పోయిందో నేను కనుక్కుంటాను.

బయటి తిండి, బయటి నీళ్ళు గేటు దగ్గరే ఆపేస్తారట. దారిలో తినడానికి మాత్రం పులిహోర, పెరుగన్నం కట్టుకోమన్నావు. అమ్మ అప్పుడే వేరుశనగ ఉండలు చుట్టి మందుల సంచీ అడుగున దాచింది. పట్టుకుంటే ఏం చెప్తావని అడిగితే, బీపీ బిళ్ళలని చెప్తాలే, నీకేందిరా బాధ అన్నది. నా బాధ ఉండల గురించి కాదు, నీళ్ళ గురించి. బోరు నీళ్ళకు పిల్లల పళ్ళు గారపట్టిపోతున్నాయని ఇక్కడ క్యాన్లు కొనుక్కుంటున్నాం. ట్యాంకరు వచ్చే రోజు మీ వదిన బిందెలు వరసలో పెట్టి కాపలా కూర్చుంటుంది. అక్కడేమో పిల్లలు దొర్లడానికి చెరువంత నీళ్ళు, అవీ చాలవన్నట్టు మోటార్లు పెట్టి అలలు కూడా లేపుతారట. పద్మజ ఆ ముక్క చదివినప్పుడు నాయన చుట్ట వెలిగించుకోవడం కూడా మరిచిపోయి అలాగే కూర్చున్నాడు.

పిల్లలు తప్పిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోవాలని, వాళ్ళ మణికట్టు మీద ఫోను నంబరు రాయాలని అన్నావు. ఇది మాత్రం తెలివైన మాట, ఒప్పుకుంటున్నాను. మందకు గుర్తు పెట్టే ఎర్ర రంగు డబ్బాలో కాస్త మిగిలింది, తడిసినా పోదు, అదే పూస్తానంటే పద్మజ ఏడుపు లంకించుకుంది. ఎత్తు చాలకపోతే పెద్ద ఆటలు ఎక్కనివ్వరన్నావు కదా, గోపి రోజూ తలుపు చట్రానికి ఆనుకుని, మడమలు లేపి మరీ కొలిపించుకుంటున్నాడు.

శ్రీశైలం దారిలో అడవి గేటు తెల్లవారాకే తీస్తారు కనుక ముందు రోజే బయలుదేరి మీ ఇంట్లో పడుకోమన్నావు. పార్కు తెరిచే వేళకు అక్కడుంటే జనం పెరగకముందే పెద్ద ఆటలు అయిపోతాయన్నావు. ఘాట్ మలుపుల్లో వాంతులు కాకుండా నిమ్మకాయలు పెట్టుకోమన్నావు. ఇంత ముందుచూపు నీకు ఎప్పటి నుంచి? పదో తరగతి పరీక్షకు హాల్ టికెట్ మరిచిపోయి పోతే, సైకిలు తొక్కుకుంటూ తెచ్చి ఇచ్చింది నేనే కదా.

వీటన్నిటి కన్నా బండి సంగతి నన్ను ఎక్కువ గుచ్చుతోంది. నాయన మందను వదిలి రాడు. మిగిలింది మేం ఐదుగురం. నువ్వేమో ఎనిమిది సీట్ల బండే మాట్లాడాలని, పోనూ రానూ అదే ఉండాలని అమ్మకు పదే పదే చెప్పావు. ఆ మూడు సీట్లు ఎవరికి? చుట్టు తిరిగి మార్కాపురం పోయి మీ మామగారు పౌలును, ఆయన మనుషుల్ని ఎక్కించుకోమంటావేమో. దారి పొడుగునా ఎదురుబొదురు కూర్చోబెడితే నేనే మెత్తబడి పలకరిస్తానని నీ లెక్క కాబోలు.

ఇక అసలు అనుమానం. నీ కొడుకు టోపీ.

వీడియో కాలులో ఏబేలును చూసినప్పుడల్లా నెత్తిన అదే నీలం టోపీ. నేను చూడను. అమ్మ చేతిలో ఫోను నేను కూర్చున్న వైపు తిరిగి ఉంటే అది నా తప్పు కాదు. ఇంత ఎండల్లో, ఇంట్లో, ఫ్యాను కింద, చెవుల దాకా లాగిన టోపీ ఏమిటి? అమ్మ అడిగితే, వాడికి అదంటే ఇష్టమమ్మా అని మాట దాటేశావు. మొన్న వాడు దాన్ని పీకబోతే నువ్వు చటుక్కున ఫోను పైకి తిప్పావు. మాకు మీ ఇంటి పైకప్పు కనబడింది.

ఉమా, డొంకతిరుగుడుగా రాయడం నాకు చేతకాదు. వచ్చే నెలకు వాడికి మూడేళ్ళు నిండుతాయి. మన ఇళ్ళల్లో పిల్లల్ని మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, మేనమామ కత్తెర పడ్డాకే పుట్టువెంట్రుకలు తీస్తారు. గోపికి మల్లీశ్వరి అన్న వచ్చి ఆ ముచ్చట జరిపించిన రోజు హారతి పళ్ళెం పట్టుకున్నది నువ్వే. మార్కాపురంలో ఆ మెట్లు దిగుతూ నువ్వొక మాట అన్నావు, నాకు పుట్టే బిడ్డలకు మేనమామ లేడనుకుంటాలే అని. ఆ మాట ప్రకారమే చేసేశావా? నేను లేకుండానే వాడి జుట్టు తీయించి, ఇప్పుడు క్రాపు కనబడకుండా టోపీ పెడుతున్నావా? అంత దూరం వచ్చాక, అందరి మధ్యా, నీళ్ళలో ఆ టోపీ ఊడితే నేను ఏం చేయాలి? చూసి నవ్వాలా?

నాకు బాధగా ఉంది. నీతో మాట్లాడకపోయినా, వాడికి మేనమామను నేనే కదా అనుకుంటూ వచ్చాను. వాడు పుట్టిన కబురు తెలిసిన రోజున మందలో ఒక నల్ల గొర్రెపిల్లను వాడి పేర వదిలాను. అది ఇప్పుడు తల్లి కూడా అయింది. ఈ సంగతి మీ వదినకు తప్ప ఎవరికీ తెలియదు.

కనుక సూటిగా జవాబు రాయి. వాడి వెంట్రుకలు ఉన్నాయా, తీయించేశావా? తీయించేసి ఉంటే మేం రాము. అమ్మకూ పిల్లలకూ నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాను. నీ జవాబు వచ్చేదాకా గోపి సర్దిన సంచీ మంచం కింద సర్దినట్టే ఉంటుంది.

ఇట్లు,
ఇంకా నీ అన్ననే అనుకుంటున్న
హనుమంతు.

తా.క. మంగళవారం.

ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని పొద్దున పాలెం పోయాను. ముందు బస్టాండులో నీ పార్సెల్ తీసుకున్నాను. పోస్టులో వేశాక పార్సెల్లో ఏదైనా తేడా కనబడితే మళ్ళీ ఇంకో ఉత్తరం రాయాల్సి వస్తుందని అక్కడే బల్ల మీద విప్పాను. ఒక్కో జతకు ఒక్కో పేరు రాసి గుచ్చావు. రానన్న నాయనకు కూడా ఒక జత పెట్టావు. అన్నిటికీ అడుగున ఆ నీలం టోపీ ఉంది.

దాన్ని తిప్పి చూశాను. వెనక అంటుకునే పట్టీలో నాలుగైదు వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. మెల్లగా విడదీశాను. జానెడు దాటి ఉన్నాయి. నీవేమోనని మొదట అనుకున్నాను, కానీ నీ జుట్టు ఇంత మెత్తన కాదు, ఇంత ఎర్రనా కాదు. కొస పట్టుకుని ఎండకు పెట్టి చూశాను.

నాయన నేర్పిన ఆట నీకు గుర్తుందా? మన నల్ల గొర్రెలకు ఉన్ని కత్తిరించేటప్పుడు, ఇద్దరినీ కళ్ళు మూసుకోమని చేతిలో ఒక పోచ పెట్టేవాడు. పిల్లదా, పెద్దదా చెప్పమనేవాడు. ఎన్నడూ కత్తెర పడని పిల్ల ఉన్ని కొస సన్నగా, ఉండీ లేనట్టు ఉంటుంది. ఒక్కసారి కోసిందా, మళ్ళీ పెరిగినదాని కొస మొద్దుగా తగులుతుంది. ఆ ఆటలో ఎప్పుడూ నువ్వే గెలిచేదానివి.

ఈ వెంట్రుకల కొసలు సన్నగా ఉన్నాయి ఉమా. అన్నీ సన్నగానే ఉన్నాయి.

బల్ల మీద అలాగే కూర్చుండిపోయాను. మార్కాపురం బస్సు వచ్చి, జనాన్ని ఎక్కించుకుని పోయింది. నా చూపు ఎక్కడా తప్పు పోకూడదని ఇంటికి తెచ్చి, చెప్పకుండా నాయన చేతిలో పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళతో కొస తడిమి, దీనికి కత్తెర పడలేదురా, ఎవురి బిడ్డది ఇది అని అడిగినాడు. నీ మనవడిదని చెప్పాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

మూడేళ్ళుగా వాడి తల దువ్వి, జడలేసి, ఆడపిల్లా అని అడిగినవాళ్ళకల్లా జవాబు చెప్పుకుని, మీ ఆయన వైపు వాళ్ళు ఏమన్నా పడి, నా కోసం ఆపావు. ఆపానని అమ్మతో కూడా ఒక్క మాట అనలేదు. ఇంత పొగరు నీకు ఎవరి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

పైన రాసిన కాగితాలు చింపేద్దామనుకున్నాను. మీ వదిన చింపనివ్వలేదు. పంపించు, తన అన్న ఎట్లాంటోడో మరిచిపోయి ఉంటది, చదువుకోనీ అన్నది. అందుకని అలాగే పంపుతున్నాను. ఆ మూడు సీట్లు ఎవరికో నాకు ఇప్పుడు తెలిసింది. టోపీ పార్సెల్లో పొరపాటున పడిందా, నువ్వే వేశావా అన్నది మాత్రం తేలలేదు. ఆ అనుమానం నాకు ఉంటుంది.

ఇక నా జాగ్రత్తలు విను. మేం పదిహేడున బయలుదేరి వస్తున్నాం. పార్కు చూశాక, మర్నాడు మాతోనే అదే బండిలో మీరు ముగ్గురూ ఇక్కడికి రావాలి. నతానియేలు బావను నాలుగు రోజులు సెలవు పెట్టమను, నేనే ఫోను చేసి అడుగుతాను. నూలు బట్టలే సర్దుకోండి, ఇక్కడి కంపల్లో నైలాను అరగంట ఆగదు. తిండి కట్టుకోవద్దు. నీళ్ళు మాత్రం తెచ్చుకోవచ్చు, బయటి నీళ్ళను మా గేటు దగ్గర ఎవరూ ఆపరు. దొడ్డి ముందు నాయన కొబ్బరికాయ కొట్టే రాయి దగ్గరే వాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుంటాను. మొదటి కత్తెర నాది, మిగతాది మంగలి చూసుకుంటాడు. కత్తెర కొత్తది కొన్నాను.

వాడికి టోపీ కొనవద్దు. గుండు చేయించాక పెట్టడానికి నా దగ్గర ఒకటి ఉంది.