మిల్లులో కళ్లగంతలు

గోడాదరా, సూరత్.

అక్క స్వరాజ్యానికి తమ్ముడు ముత్యం దండాలు.

ఫోన్‌లో "జీతం పెరిగింది" అంటే "జ్వరం పెరిగింది" అని విని నువ్వు వాడనంతా ఏడ్పించినప్పటి నుంచి నాకు ఫోనంటే భయం. అందుకే మన ఊరి నుంచి ఇక్కడికొచ్చే బస్సు డ్రైవర్ పరుశురాం చేతికి చీటీ ఇస్తున్నాను.

ఇక్కడ వింత జరిగింది. మా మిల్లులో పొద్దటి పాళీవాళ్లకు, మాపటి పాళీవాళ్లకు మాటల్లేవు కదా. మగ్గం చెడినా చెప్పకుండానే ఒకరు వెళ్లిపోతారు, ఇంకొకరు తిట్టుకుంటూ మొదలుపెడతారు. నా మగ్గాల మీదే మాపటి పాళీ చేసే రవీంద్ర మనవైపు వాడే అయినా, వాడితో నేను మాట్లాడి రెండేళ్లు. బట్టలో తప్పులు పెరిగాయని సేఠ్ మాకు శిక్షణ ఇవ్వడానికి బయటి నుంచి ఒక మేడమ్‌ను పిలిపించాడు. ఆమె మగ్గాలన్నీ ఆపించి మాతో ఆటలు ఆడించింది! కళ్లకు గంతలు కట్టుకుని వెనక్కి పడాలట, వెనకున్నవాడు పట్టుకోవాలట, అలా నమ్మకం పెరుగుతుందట. నా వెనక రవీంద్రను నిలబెట్టారు. పడ్డాను. వాడు పట్టుకోలేదు.

నీ తమ్ముడు,
ముత్యం

తా.క.: నడుముకు రాసుకునే నూనె పంపు. నమ్మకం సంగతి తర్వాత చూద్దాం.

*

తమ్ముడు ముత్యానికి అక్క దీవెనలు.

నీ చీటీ చదివి చేతిలో చాట జారిపోయింది. కళ్లకు గంతలు కట్టి పడేశారా! దానికి ఆట అని పేరా! మహిళా సంఘంలో చదివి వినిపిస్తే లింగవ్వ, "గది ఆట కాదే, కొట్టుడుకు పెట్టిన ముద్దు పేరు" అని తేల్చేసింది. నిజం రాయి. తిండన్నా పెడుతున్నారా?

నీ మీదే ప్రాణమున్న
స్వరాజ్యం

తా.క.: నూనె సీసా మక్క పేలాల సంచిలో దాచాను. సేఠ్ అడిగితే పేలాలే చూపించు.

*

అక్కకు దండాలు.

నన్నెవరూ కొట్టలేదు, సంఘానికి చెప్పు. ఈరోజు నా కుడికాలినీ రవీంద్ర ఎడమకాలినీ కలిపి కట్టి పరుగెత్తమన్నారు, అంతే. వాడు గోడవైపు లాగాడు, నేను తలుపువైపు లాగాను. ఇద్దరం కలిసి సేఠ్ మీద పడ్డాం. తర్వాత పనులు మార్చుకునే ఆట. పది నిమిషాలుగా సేఠ్ నా మగ్గాల దగ్గర దారాలు తెంపుకుంటూ చెమటలు కక్కుతున్నాడు.

క్షేమంగానే ఉన్న
ముత్యం

తా.క.: ఇప్పుడు నేనే సేఠ్‌ను. ఈ చీటీ ఆయన కుర్చీలో కూర్చునే రాస్తున్నాను. కుర్చీ తిరుగుతుంది!

*

తమ్ముడా,

కాళ్లు కట్టారని ఒకచోట, నేనే సేఠ్‌నని ఇంకోచోట. దెబ్బ తలకే తగిలిందని అర్థమైపోయింది. కుర్చీ తిరుగుతుందన్న మాట వినగానే మా సంఘం సంధ్య, "తిరిగేది కుర్చీ కాదక్కా, ఆయన కండ్లు" అన్నది. లింగవ్వ అప్పుడే శోకం ఎత్తుకుంది. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు.

అన్నం సయించని నీ అక్క,
స్వరాజ్యం

తా.క.: సేఠ్‌కు కూడా పరుశురాం చేతే ఒక చీటీ పంపాను. "ఓ సేఠూ, నా తమ్ముని కాళ్లు కట్టిన నీ చేతులు పడిపోను. పదిహేను మందిమి బస్సెక్కి వస్తున్నం. నిన్ను నీ మగ్గానికే కట్టేస్తం" అని మర్యాదగానే రాశాను.

*

అక్కకు, అక్క మర్యాదకు వెయ్యి దండాలు.

బస్సెక్కకండి! ముందు ఇది చదవండి.

మేడమ్ ముందు అందరం కూర్చున్నప్పుడే, "ముత్యం అక్క పంపింది" అని పరుశురాం నీ చీటీ సేఠ్‌కు ఇచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. నేను చెయ్యి చాపితే, "నీ అక్క చీటీ నువ్వే చదివితే ఎలా? నీకు పడనివాడు చదివితేనే నిజం తెలుస్తుంది" అని రవీంద్రకు ఇచ్చాడు. నౌకరి పోయిందనుకున్నాను.

రవీంద్ర మొదటి వరుస చదివి, గుడ్లు మిటకరించి నావైపు చూశాడు. గొంతు సవరించుకుని హిందీలో అందుకున్నాడు: "సేఠ్‌జీ, మీ ఆటల గురించి విని మా సంఘం ఆడవాళ్లందరం సంతోషించాం. కానీ పాళీ మారేటప్పుడు పావుగంట రెండు పాళీల వాళ్లనూ మగ్గం దగ్గరే కలవనివ్వండి. ఏ మగ్గానికి ఏ జబ్బో ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ పావుగంటకు కూడా కూలి ఇవ్వండి."

సేఠ్ కళ్లు తుడుచుకున్నాడు. మేడమ్ గబగబా రాసుకుంది. మర్నాటి నుంచే అలాగే చేస్తున్నాం. మూడు రోజుల్లోనే తప్పులు సగానికి తగ్గాయి.

బయటికొచ్చాక, "ఎందుకు కాపాడినవ్?" అని అడిగాను.

"మా అక్క గూడ గిట్లనే రాస్తది" అన్నాడు. రెండేళ్లలో వాడు నాతో అన్న మొదటి మాట అది.

నౌకరి మిగిలిన నీ తమ్ముడు,
ముత్యం

తా.క.: నీ చీటీకి సేఠ్ అద్దం కట్టించి ఆఫీసు గోడకు వేలాడదీశాడు. రోజూ అగరుబత్తి వెలిగిస్తున్నాడు. స్వయంగా చదువుకోవాలట, తెలుగు నేర్పమన్నాడు. రవీంద్రా నేనూ కలిసే నేర్పుతున్నాం. ఇద్దరం ఒక్క మాట మీద ఉన్నాం: ఎన్నేళ్లయినా ఆయనను 'అ' దాటనివ్వకూడదు.